లీటరుకు ఎన్ని? ప్రయోగశాల లెక్క వేరు, ఢిల్లీ రోడ్డు లెక్క వేరు

న్యూఢిల్లీ: దేశంలో చిన్న కారుకు పుట్టినిల్లు ఢిల్లీ శివార్లే. 1983 డిసెంబరులో గుర్‌గావ్ కర్మాగారం నుంచి తొలి మారుతి 800 వెలువడింది. పదిహేనేళ్లు తిరిగేసరికి యమునకు ఆవలి దిక్కున, గ్రేటర్ నోయిడా పక్కనున్న సూరజ్‌పూర్‌లో దేవూ సంస్థ మాటిజ్ తయారీకి పూనుకొన్నది. హోండా కర్మాగారమూ ఆ ప్రాంతంలోనే వెలసింది. వాహనాలను పరీక్షించి ధ్రువపత్రాలు జారీచేసే ఐక్యాట్ సంస్థ గుర్‌గావ్‌ను ఆనుకొని ఉన్న మానేసర్‌లో ఉంది. కార్లు తయారయ్యేదీ, పరీక్షకు నిలిచేదీ, లక్షల సంఖ్యలో తిరిగేదీ ఒకే రాజధాని ప్రాంతంలో. అయినప్పటికీ లీటరు పెట్రోలుకు ఈ కారు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందన్న సాదాసీదా ప్రశ్నకు ఇక్కడ రెండు సమాధానాలు లభిస్తాయి. ఒకటి కంపెనీ కరపత్రంలోనిది. రెండవది పెట్రోలు బంకు రసీదులు దాచుకొని నెలాఖరున లెక్కవేసుకొనే ఉద్యోగిది. ఈ రెండూ ఒకదానికొకటి సరిపోయిన సందర్భం అరుదు.

వ్యత్యాసం కొత్తదేమీ కాదు. ద్విచక్ర వాహనాల ప్రకటనల అడుగున ‘ప్రామాణిక పరీక్షా పరిస్థితులలో’ అన్న సన్నక్షరాల పంక్తిని పాఠకులు దశాబ్దాలుగా చూస్తూనే ఉన్నారు. కార్ల ప్రకటనల్లో ఆ స్థానాన్ని కేంద్ర మోటారు వాహనాల నియమావళి 1989లోని 115వ నిబంధన ఆక్రమించింది. ఆ నిబంధన కింద పరీక్షా సంస్థ ధ్రువీకరించిన అంకె ఇది అని కంపెనీలు రాసుకొంటాయి. అందులో అబద్ధం లేదు. ప్రభుత్వ గుర్తింపు గల సంస్థ నిర్ధారించిన అంకెనే అవి అచ్చువేస్తున్నాయి. చిక్కల్లా, ఆ అంకె ఏ ప్రశ్నకు సమాధానమో కొనుగోలుదారుకు ఎవరూ చెప్పకపోవడంలోనే ఉంది.

వ్యత్యాసం విలువ ఎంతో ఒక ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. రాజధాని రోడ్లపై విరివిగా కనిపించే వ్యాగన్ ఆర్ ఒక లీటరు ఇంజను కారుకు ధ్రువీకరించిన మైలేజీ లీటరుకు 24.35 కిలోమీటర్లు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కుటుంబం ఈ లెక్కన 41 లీటర్లు కొనవలసి ఉంటుంది. లీటరు 95 రూపాయలనుకుంటే ఖర్చు సుమారు 3,900 రూపాయలు. అదే కారు ఏసీ వేసుకొని నగర రద్దీలో నడిచి లీటరుకు 15 కిలోమీటర్లే ఇచ్చిందనుకుందాం. అప్పుడు 66 లీటర్లు దాటుతుంది, ఖర్చు 6,300 రూపాయలు మించుతుంది. నెలకు 2,400 రూపాయల పైచిలుకు తేడా. ఏడాదికి 29 వేలు. వాయిదాల పద్ధతిపై కారు కొనే గుమాస్తాకో, ఉపాధ్యాయునికో ఇది ఒక వాయిదాలో మూడో వంతో, నాలుగో వంతో అవుతుంది. కారు కొనేముందు కాగితంపై వేసుకొన్న కుటుంబ బడ్జెట్‌లో ఈ పద్దు ఉండదు.

తెలుగు రాష్ట్రాల పాఠకునికి ఈ లెక్క మరికొంత భారమే. 2024 మార్చిలో చమురు సంస్థలు లీటరుకు 2 రూపాయలు తగ్గించిన అనంతరం ఢిల్లీలో పెట్రోలు ధర 94.72 రూపాయలు కాగా, హైదరాబాదులో అది 107.41 రూపాయలు. రాష్ట్రాలు విధించే విలువ ఆధారిత పన్నులోని హెచ్చుతగ్గులే ఇందుకు కారణం. తెలంగాణలో ఆ పన్ను 35 శాతం పైన ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం పన్నుకు తోడు లీటరుకు అదనపు వడ్డింపు ఉంది. కనుక ఇదే కారు, ఇదే మైలేజీ లోటు హైదరాబాదులో ఏడాదికి 33 వేల రూపాయల వరకు తేలుతుంది.

రోలర్లపై పందొమ్మిది నిమిషాలు

ధ్రువీకరణ పరీక్ష రోడ్డుపై జరగదు. పుణెలోని ఎ.ఆర్.ఎ.ఐ. గానీ, మానేసర్‌లోని ఐక్యాట్ గానీ కారును ఒక గదిలోకి తెచ్చి, చక్రాలను తిరిగే రోలర్లపై నిలుపుతాయి. రోడ్డు ఘర్షణను, గాలి నిరోధాన్ని అనుకరించేలా రోలర్లకు బరువు కల్పిస్తారు. డ్రైవరు ఎదుటి తెరపై కనిపించే వేగపు గీతను అనుసరిస్తూ కారు నడుపుతాడు. గది ఉష్ణోగ్రత 20 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఏసీ కట్టివేసి ఉంటుంది. వాడేది బంకులో దొరికే పెట్రోలు కాదు, పరీక్షల నిమిత్తం నిర్దిష్టమైన పాళ్లలో తయారైన ఇంధనం. ఖర్చయిన పెట్రోలును కొలపాత్రతో కొలుస్తారని చాలామంది భావిస్తారు. నిజానికి వెలువడిన పొగను సంచుల్లో పట్టి, అందులోని కర్బనాన్ని లెక్కగట్టి, దాని నుంచి ఇంధన వ్యయాన్ని రాబడతారు.

ఆ వేగపు గీతకే సవరించిన భారత చోదన చక్రమని పేరు. 2000 ప్రాంతంలో కాలుష్య ప్రమాణాలు కట్టుదిట్టమైనప్పటి నుంచి ఇది అమలులోకి వచ్చింది. అంతకుముందు వాడిన భారత చక్రంలో గరిష్ఠ వేగం గంటకు 42 కిలోమీటర్లు మాత్రమే. ఇప్పటి చక్రం యూరపు నుంచి అరువు తెచ్చుకొన్నది. అక్కడి 120 కిలోమీటర్ల గరిష్ఠ వేగాన్ని ఇక్కడ 90కి కుదించారు. మొత్తం పరీక్ష 1,180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాలకు ఇరవై సెకన్లు తక్కువ. దూరం పది కిలోమీటర్లు దాటి కొద్దిగా.

ఇందులో రెండు భాగాలున్నాయి. మొదటిది నగర చోదనం. 195 సెకన్ల ఒకే నమూనా నాలుగు మార్లు పునరావృతమవుతుంది, నాలుగింటికీ కలిపి నాలుగు కిలోమీటర్ల దూరం. సగటు వేగం గంటకు 19 కిలోమీటర్లకు చేరువ. రెండవది నగరం వెలుపలి చోదనం, 400 సెకన్లలో ఆరున్నర కిలోమీటర్ల పైచిలుకు. రెండింటినీ కలిపి ఒకే అంకెను ప్రకటిస్తారు.

నగర భాగపు సగటు వేగం చూస్తే అది ఢిల్లీ రద్దీకి మరీ దూరంగా లేదు. కారు ఆగి ఉండే సమయం కూడా అందులో దాదాపు మూడో వంతు ఉంది. అందుచేత ట్రాఫిక్‌ను పరీక్షలో విస్మరించారన్న విమర్శ పూర్తిగా న్యాయం కాదు. లోపం మరోచోట ఉంది. ఆ నమూనాలో కారు నిశ్చలస్థితి నుంచి గంటకు 50 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 26 సెకన్లు తీసుకొంటుంది. ఆశ్రమ్ కూడలిలో పచ్చదీపం వెలిగిన తర్వాత 26 సెకన్లు తీరిగ్గా వేగం పుంజుకొనే కారు వెనుక ఎన్ని హారన్లు మోగుతాయో ఢిల్లీ ఎరిగిన వారికి చెప్పనక్కరలేదు. అంత మెల్లగా, అంత నునుపుగా, ముందు కారు తోక పట్టుకోకుండా, పక్క ఆటో అడ్డం రాకుండా నడిచే నగర ప్రయాణం పరీక్షగదిలోనే సాధ్యం.

అంతకన్నా ముఖ్యమైనది సగటు కట్టే పద్ధతి. పరీక్ష దూరంలో అరవై శాతానికి పైగా నగరం వెలుపలి చోదనమే. గంటకు 50, 70, 90 కిలోమీటర్ల నిలకడ వేగంతో పై గేరులో సాగే ఆ భాగంలో ఏ చిన్న కారైనా మంచి మైలేజీ ఇస్తుంది. ఢిల్లీలో లక్ష్మీనగర్ నుంచి ఐ.టి.ఓ. మీదుగా కన్నాట్‌ప్లేస్‌కు వెళ్లివచ్చే ఉద్యోగి ప్రయాణంలో ఆ భాగమే ఉండదు. అయినా అతనికి చూపే అంకెలో దాని వాటాయే అధికం. నగరానికి వేరుగా, రహదారికి వేరుగా రెండు అంకెలు ప్రకటించినట్లయితే సగం అపోహ అక్కడికక్కడే తొలగిపోయేది. పరీక్ష రెండు భాగాలుగానే జరుగుతున్నందున ఇందుకు అదనపు ఖర్చు కూడా ఉండబోదు. ఇంత చిన్న పని ఇంతకాలం ఎందుకు జరగలేదన్నది అడగవలసిన ప్రశ్న.

చిన్న ఇంజనుపైనే పెద్ద భారం

పెద్ద కార్లకు ఈ బెడద లేదా అంటే ఉంది, కానీ చిన్న కార్లకు ఉన్నంత లేదు. కారణం తేలికగానే గ్రహించవచ్చు. ఏసీ కంప్రెసరు ఇంజను శక్తితోనే తిరుగుతుంది. మే, జూన్ మాసాల్లో ఢిల్లీ ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకినప్పుడు, ఎండలో నిలిపిన కారు లోపలి భాగాన్ని చల్లబరచడానికి కావలసిన శక్తి చిన్న కారుకూ, పెద్ద కారుకూ మరీ అంత తేడాగా ఉండదు. కానీ రెండు లీటర్ల ఇంజనుకు అది ఒక మోపు బరువైతే, ఒక లీటరు ఇంజనుకు గంప బరువు. సిగ్నల్ వద్ద కారు కదలకున్నా కంప్రెసరు తిరుగుతూనే ఉంటుంది, కిలోమీటర్లు పెరగవు, పెట్రోలు మాత్రం తరుగుతుంది. నిలిచి ఉన్న చిన్న పెట్రోలు ఇంజను ఏసీ లేకున్నా గంటకు అర లీటరుకు అటూఇటూగా తాగుతుంది, ఏసీతో మరింత. రోజుకు రెండు పూటలా కలిపి అరగంట సిగ్నళ్ల వద్ద గడిపే వ్యక్తి నెలలో ఎన్ని లీటర్లు నిలబడే ఖర్చుచేస్తున్నాడో ఎవరైనా లెక్కవేసుకోవచ్చు.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. ఎర్రదీపం పడగానే ఇంజను ఆపండంటూ ఢిల్లీ ప్రభుత్వం 2020 అక్టోబరులో ఉద్యమమే నడిపింది. పొగ తగ్గించే ఉద్దేశంతో మొదలైనా అది పెట్రోలు పొదుపు ప్రచారం కూడా. వేసవి మధ్యాహ్నం పసిబిడ్డతో కారులో ఉన్నవారు ఇంజను ఆపి ఏసీ కట్టేయగలరా అన్న ప్రశ్నకు ఆ ప్రచారంలో జవాబు దొరకలేదు. ఆగినప్పుడు తనంతట తానే ఇంజను ఆగే ఏర్పాటు కొన్ని కార్లలో వచ్చింది. కారు మూడో వంతు సమయం నిలిచే ఉండే నగర పరీక్షలో ఈ ఏర్పాటు అంకెను బాగా పెంచుతుంది. ఏసీ ధాటిగా నడవవలసిన వేసవి రోడ్డుపై మాత్రం అది తరచు పక్కకు తప్పుకొంటుంది.

పెట్రోలియం పొదుపు పరిశోధన సంఘం గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల నిలకడ వేగంతో నడపాలని ఏళ్ల తరబడి హితవు చెబుతున్నది. శాస్త్రీయంగా అది సరైన సలహాయే. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది కనుక యమునా ఎక్స్‌ప్రెస్‌వేపై 100 దాటించేవారు ఆ మేరకు నష్టపోతారు. బ్రేకు వేసిన ప్రతిసారీ పెట్రోలు పోసి కూడగట్టిన వేగం వేడిగా మారి గాలిలో కలుస్తుంది కనుక నిలకడ కూడా ముఖ్యమే. టైర్లలో గాలి సరిచూసుకోవడం, అనవసరపు బరువు దించడం వంటివీ మేలు చేస్తాయి. అయితే మహిపాల్‌పూర్ వద్ద సాయంత్రం ఆరు గంటలకు 45 కిలోమీటర్ల నిలకడ వేగం ఎక్కడి నుంచి తేవాలి? డ్రైవరు అలవాట్లనే తప్పుపట్టే ధోరణి ఇక్కడ అంతగా చెల్లదు.

రాజధాని ప్రాంతంలోనే ఒకే కారు రెండు రకాలుగా ప్రవర్తిస్తుందన్నదీ గమనార్హం. నోయిడా నుంచి గ్రేటర్ నోయిడాకు ఎక్స్‌ప్రెస్‌వే మీద రోజూ వెళ్లే వ్యక్తి కరపత్రంలోని అంకెకు చాలా దగ్గరగా వస్తాడు. రింగురోడ్డు మీద పడి తిరిగే వ్యక్తికి అది అందని ద్రాక్షే. 2008లో ఢిల్లీ-గుర్‌గావ్ ఎక్స్‌ప్రెస్‌వే ప్రారంభమైనప్పుడు ప్రయాణం సాఫీ అవుతుందన్నారు. సిర్హౌల్ టోల్‌గేటు దగ్గర బారులు తీరిన వాహనాలు ఆ ఆశను అడియాస చేశాయి. 2014లో ఆ గేటును తొలగించాక కొంత వెసులుబాటు కలిగింది. ఇంజనులో ఏ మార్పూ లేకుండానే, కేవలం ఒక గేటు తీసివేయడం వల్ల అటు తిరిగే కార్లన్నింటికీ పెట్రోలు మిగిలింది. మైలేజీ కారు గుణం మాత్రమే కాదు, రోడ్డు గుణం కూడా.

సీఎన్‌జీ వైపు మళ్లినవారు ఈ తంటాల నుంచి బయటపడ్డామనుకొంటారు. కంపెనీ ప్రకటించే అంకె కిలోకు 34 కిలోమీటర్లు. ఇది పెట్రోలు అంకె పక్కన ఘనంగా కనబడుతుంది. కానీ కిలో సీఎన్‌జీలోని శక్తి లీటరు పెట్రోలులోని శక్తికి సుమారు ఒకటిన్నర రెట్లు. ఆ లెక్క సరిచేస్తే ఇంజను పొదుపుతనం పెరిగిందేమీ లేదు. లాభం వాయువు చౌకగా దొరకడం వల్ల వస్తున్నదే.

పొగకొక న్యాయం, మైలేజీకొక న్యాయం

కాలుష్యం విషయంలో ఢిల్లీ దేశానికి దారిచూపింది. ఎం.సి. మెహతా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1999 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశంతో రాజధాని ప్రాంతంలో ప్రైవేటు కార్లకు 2000 ఏప్రిల్ నుంచే యూరో-2 ప్రమాణాలు వర్తించాయి. మారుతి 800లో కార్బ్యురేటరు పోయి ఇంజెక్షన్ పద్ధతి వచ్చింది ఆ ఒత్తిడి వల్లే. భారత్ స్టేజ్-6 పెట్రోలు కూడా దేశమంతటికన్నా రెండేళ్ల ముందు, 2018 ఏప్రిల్‌లో, ఢిల్లీ బంకులకే చేరింది. ప్రయోగశాలలో శుభ్రంగా తేలిన కార్లు రోడ్డెక్కాక పొగ చిమ్ముతున్నాయని యూరపులో బయటపడిన తర్వాత మన ప్రభుత్వమూ మేల్కొన్నది. 2023 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు రోడ్డుపై నడిపి, వెనుక పరికరం బిగించి పొగను కొలిచే పరీక్ష తప్పనిసరి అయింది.

విషవాయువుల కోసం పరీక్షాధికారి గది వదిలి రోడ్డెక్కాడు. పెట్రోలు ఖర్చు కోసం మాత్రం గదిలోనే కూర్చున్నాడు. పరికరం బిగించిన కారు ఎలాగూ రోడ్డుపై నడుస్తున్నది, దాని నుంచి వెలువడే బొగ్గుపులుసు వాయువు నుంచి ఇంధన వ్యయాన్ని రాబట్టడం కష్టమేమీ కాదు. ఆ అంకెను కొనుగోలుదారుకు చెప్పాలన్న నిబంధన మాత్రం లేదు. 2009 నుంచి కంపెనీలు స్వచ్ఛందంగా మైలేజీ వివరాలు ప్రకటిస్తున్నాయి, అవి గదిలోని అంకెలే. ఫ్రిజ్‌కు, ఏసీకి నక్షత్రాల గుర్తు అంటించిన ఇంధన సామర్థ్య సంస్థ కార్ల గుర్తును ఏళ్ల తరబడి చర్చల్లోనే నానబెట్టింది.

ఇదంతా వినియోగదారుని సమస్య అని పక్కన పెట్టడానికి వీల్లేదు. కార్ల కంపెనీలపై విధించిన ఇంధన ప్రమాణాలకు ఆధారం ఈ అంకెలే. 2014లో ప్రకటించి 2017-18 నుంచి అమలుచేసిన తొలి దశలో ఒక్కో కంపెనీ అమ్మే కార్ల సగటు బొగ్గుపులుసు వాయువు కిలోమీటరుకు 130 గ్రాములు మించరాదన్నారు. 2022-23 నుంచి ఆ పరిమితి 113 గ్రాములైంది. పెట్రోలు భాషలో చెప్పాలంటే లీటరుకు దాదాపు 21 కిలోమీటర్లు. ముడిచమురు అవసరాల్లో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకొంటున్న దేశంలో ఈ ప్రమాణాలు అవసరమే. కానీ పరీక్షగదిలో పొదుపైన ప్రతి లీటరూ రోడ్డుపైనా పొదుపైనట్లు లెక్కగడితే దిగుమతి బిల్లు అంచనాలే తారుమారవుతాయి.

మూడో దశపై 2025 సెప్టెంబరులో వెలువడిన ముసాయిదా పెద్ద రగడకే దారితీసింది. 909 కిలోల లోపు బరువు, 1200 సి.సి. లోపు ఇంజను, నాలుగు మీటర్ల లోపు పొడవున్న పెట్రోలు కార్లకు కిలోమీటరుకు 3 గ్రాముల సడలింపు ఇవ్వాలన్నది అందులోని ప్రతిపాదన. చిన్న కార్లే అధికంగా తయారుచేసే మారుతి సంస్థ దానిని సమర్థించగా, టాటా, మహీంద్రా వంటి సంస్థలు ఒక కంపెనీకి మేలు చేసే నిబంధన అంటూ వ్యతిరేకించాయి. బరువు తక్కువ కారుకు ఊతమివ్వాలన్న వాదనలో పస ఉంది, పోటీదారుల ఆరోపణలోనూ నిజం లేకపోలేదు. అయితే మూడు గ్రాముల కోసం అంత పట్టుదలగా వాదించుకొన్నవారు ఏసీ వేస్తే ఎన్ని గ్రాములు పెరుగుతాయో మాట్లాడలేదు.

ఇథనాల్ కలిసిన పెట్రోలు

పాత కార్ల యజమానులకు ఇటీవల మరొక అనుమానం తోడైంది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని దేశం 2030 కన్నా అయిదేళ్లు ముందే, 2025లో అందుకొన్నది. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలులో కన్నా మూడో వంతు తక్కువ. మైలేజీ తగ్గుతుందనడంలో వివాదమే లేదు, ఎంత అన్నదే ప్రశ్న. ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొంది, 10 శాతం మిశ్రమానికి సర్దుబాటు చేసిన కార్లలో 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే పేర్కొన్నది. కొత్త మిశ్రమానికి సరిచేసిన కార్లలో అది 1, 2 శాతమే. 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ ఇచ్చిన వివరణ కూడా ఇంచుమించు అదే ధోరణిలో సాగింది. ఇథనాల్ లేని పెట్రోలును కూడా అందుబాటులో ఉంచాలన్న వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న తోసిపుచ్చింది.

పైన చెప్పిన 15 కిలోమీటర్ల కారు ఆరు శాతం నష్టపోతే 14కు దిగుతుంది. నెలకు నాలుగు లీటర్లు అదనం, అంటే 400 రూపాయలు. చెరకు, మొక్కజొన్న రైతుకు మేలు జరిగితే ఆ మొత్తాన్ని భరించడానికి చాలామంది సిద్ధపడవచ్చు. మైలేజీ నష్టానికి పరిహారంగా ఈ పెట్రోలుపై పన్ను రాయితీ ఇవ్వాలని ఆ నివేదికే సూచించింది. సూచన మొదటి సగం అమలైంది, రెండవ సగం అమలు కాలేదు. అసలు కొలిచేవారే లేనిచోట ఎంత నష్టం జరిగిందో యజమాని ఎలా నిరూపించగలడు? రద్దీ వల్ల తగ్గిందా, ఏసీ వల్లా, ఇథనాల్ వల్లా, ఇంజను పాతబడటం వల్లా అన్నది ఎవరికి వారు ఊహించుకోవలసిందే. ఈ పుకార్ల సంతలో వాస్తవ సమాచారం లేకపోవడం ప్రభుత్వానికే చేటు చేసింది.

న్యాయస్థానం మెట్లు ఎక్కినవారు లేకపోలేదు. కేరళలోని త్రిస్సూర్ జిల్లా వినియోగదారుల కమిషన్ 2022లో ఒక కేసు తేల్చింది. ఫోర్డ్ డీజిల్ కారు లీటరుకు 32 కిలోమీటర్లు ఇస్తుందన్న ప్రచారపత్రాన్ని నమ్మి కొన్న మహిళ ఫిర్యాదుపై నిపుణునితో పరీక్ష చేయించగా 19.6 కిలోమీటర్లు తేలింది. 3.10 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని కమిషన్ ఆదేశించింది. ఏళ్ల తరబడి తిరిగే ఓపిక, నిపుణుని పరీక్షకు అవకాశం అందరికీ ఉండవు.

ఇతర దేశాల దారి

యూరపు దేశాలు ఈ రోగాన్ని ముందే చవిచూశాయి. మనం అరువు తెచ్చుకొన్న చక్రం కిందనే అక్కడి కార్లకు రోడ్డుకూ గదికీ మధ్య తేడా 2001లో పది శాతం లోపు ఉండగా, 2015 నాటికి 40 శాతం దాటిందని రవాణా పరిశోధకులు లెక్కతేల్చారు. కార్లు చెడిపోయి కాదు, పరీక్షలో నెగ్గే విద్యలో కంపెనీలు ఆరితేరడం వల్ల. 2017లో యూరపు ఆ చక్రాన్ని పక్కనపెట్టి, డబ్ల్యు.ఎల్.టి.పి. అనే కొత్త పద్ధతికి మారింది. అంతటితో ఊరుకోక, 2021 నుంచి కొత్త కార్లలో నిజంగా ఖర్చయిన ఇంధనాన్ని నమోదు చేసే ఏర్పాటు తప్పనిసరి చేసింది. ఆరు లక్షల కార్ల నుంచి వచ్చిన ఆ లెక్కలను యూరపు కమిషన్ 2024 మార్చిలో ప్రకటించింది. కొత్త పద్ధతి కింద కూడా పెట్రోలు కార్లు అధికారిక అంకె కన్నా 23.7 శాతం ఎక్కువ తాగుతున్నాయని తేలింది. పరీక్ష మార్చినంత మాత్రాన తేడా మాయం కాదు, తగ్గుతుంది. ఎంత మిగిలిందో కొలిచి చెప్పే ధైర్యం అక్కడి ప్రభుత్వానికి ఉంది.

అమెరికాలో పర్యావరణ సంస్థ 1985 నుంచే ప్రయోగశాల అంకెను నగరానికి 10 శాతం, రహదారికి 22 శాతం కోసి ప్రకటించసాగింది. 2008 నమూనాల నుంచి అదీ చాలదని అధిక వేగం, చలి, ఏసీ పరీక్షలను కలిపింది. ఏసీ పరీక్ష 35 డిగ్రీల వేడిలో జరుగుతుంది. 35 డిగ్రీలు ఢిల్లీకి ఏప్రిల్ మొదటివారపు వాతావరణం. మన దేశంలో ఇంతవరకు ప్రకటించిన మైలేజీ అంకెలు ఏసీ లేకుండా వచ్చినవే, ఏసీ వేసి కొలవాలన్న ప్రతిపాదన చర్చకు వచ్చింది ఈ మధ్యనే.

డబ్ల్యు.ఎల్.టి.పి. పద్ధతికి 2027 ఏప్రిల్ నుంచి మారాలని కేంద్ర రవాణా శాఖ 2025లో ముసాయిదా వెలువరించింది. ఇది ఆహ్వానించదగినదే. వేగం మార్పులు ఆ పద్ధతిలో మరింత సహజంగా ఉంటాయి. కానీ యూరపు అనుభవం దృష్ట్యా మరో అడుగు వేయడం మంచిది. ఢిల్లీలో ప్రతి కారూ ఏడాదికోసారి కాలుష్య ధ్రువపత్రం కోసం పెట్రోలు బంకు పక్కనున్న కేంద్రానికి వెళ్లక తప్పదు. కొత్త కార్లలో ఇంధన వ్యయం నమోదు కావాలని నిర్దేశించి, ఆ కేంద్రంలోనే ఆ అంకెను చదివి, యజమాని పేరు లేకుండా నమూనాల వారీగా ప్రకటిస్తే, వ్యాగన్ ఆర్ ఢిల్లీలో ఎంత ఇస్తున్నదో, టియాగో ఎంత ఇస్తున్నదో ఊహాగానాలతో పని ఉండదు. ఖర్చు పెద్దది కాదు, కేంద్రాలు ఇప్పటికే ఉన్నాయి. కొలతల విశ్వసనీయతపై ఆ కేంద్రాలకున్న పేరు అంత గొప్పది కాదన్న మాటా నిజమే. యంత్రం నుంచి యంత్రానికి నేరుగా చేరే అంకెలో చేతివాటానికి చోటు తక్కువ.

2025 సెప్టెంబరు 22న చిన్న కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడంతో, స్కూటరు దిగి కారు ఎక్కాలనుకొనే కుటుంబాలకు వీలు కలిగింది. ‘కిత్నా దేతీ హై’ అని మారుతి ప్రకటన ఒకప్పుడు సరదాగా అడిగిన ప్రశ్నను వీరు సరదాకు అడగరు. కొత్త పద్ధతి వచ్చిన రోజున ఇంజనులో ఏ మార్పూ లేకుండానే కరపత్రాల్లోని అంకెలు తగ్గుముఖం పడతాయి. 2027 మార్చిలో తయారైన కారుకు ఎక్కువ, మే నెలలో తయారైన అదే కారుకు తక్కువ మైలేజీ రాసి ఉంటుంది. కరోల్‌బాగ్‌లో పాత కార్ల వ్యాపారి దేనిని చూపి ధర పలుకుతాడో ఊహించవచ్చు. ఏ నమూనాకు పాత అంకె ఎంత, కొత్త అంకె ఎంత అన్న పట్టికను రవాణా శాఖ ముందుగానే విడుదల చేయవలసి ఉంటుంది.